నీరా, కల్లు, మధ్యలో ఒక వెన్నెముక

సముద్రం లేని తెలంగాణలో మన పూర్వులు చెరువులకే సాగరాలనీ, సముద్రాలనీ పేర్లు పెట్టుకొని ఆ లోటు తీర్చుకున్నారు. కేసముద్రం ఒక ఊరి పేరయింది, హుస్సేన్ సాగర్ ఒక చెరువు పేరయింది. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలాన తవ్వించిన ఆ చెరువు ఒడ్డున, నెక్లెస్ రోడ్డు మీద, 2023 మే నెలలో 'నీరా కేఫ్' పేరిట ఒక పానశాల, భోజనశాల కలిసి వెలిశాయి. కట్టించింది ప్రభుత్వమే అయినా, తాడి, ఈత చెట్లెక్కి బతికే గీత కార్మికుల సరుకుకు రాజధాని నడిబొడ్డున గౌరవప్రదమైన అంగడి ఒకటి ఉండాలన్నది దాని సంకల్పం. కల్లుకు 'దుకాణం', 'కంపౌండ్', 'మండువ' అనే పేర్లు తప్ప ఎరుగని మాలాంటి ఉత్తర తెలంగాణ వారికి 'కేఫ్' అన్న మాటే కొంచెం వింతగా తోచింది.

నాతో వచ్చినవారు హుజూరాబాదు వైపు ఒక పల్లెలో నలభై ఏళ్ళు తాళ్ళెక్కిన ఒక గౌడన్న. ఒకప్పుడు నా రోగి. చెట్టు మీంచి జారి నడుము పూస విరిగినా, వెన్నుపాము చితకకపోవడం వల్ల తన కాళ్ళ మీద తాను నడవగలిగిన అదృష్టవంతులలో ఒకరు. మనవరాలి చదువు పనిమీద హైదరాబాదుకు వస్తున్నానంటే, నేనూ అటే వెళ్తున్నాను రమ్మన్నాను. కరీంనగర్‌లో తెల్లవారుజామున బయలుదేరి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటి, ఎండ ముదరకముందే చెరువుగట్టుకు చేరుకున్నాము.

చల్లని గాజుగ్లాసులో నీరా వచ్చింది. రంగు కొబ్బరినీళ్ళకన్నా కొంచెం మబ్బుగా ఉంది. తీపి నాలుకకు తగిలిన వెంటనే తాటి ముంజె గుర్తుకొచ్చే వాసన. గౌడన్న రెండు గుక్కలు తాగి, గ్లాసును వెలుతురుకు పట్టి చూశారు.

"మంచిగనే ఉన్నది సారూ. గని లొట్టి వాసన లేదు," అన్నారు.

ఆయన మాటలో విమర్శ లేదు, వృత్తిజ్ఞానం ఉంది. చెట్టుకు కట్టిన మట్టి లొట్టిలో గాలిలోని, లొట్టి గోడలలోని సూక్ష్మజీవులు ఎప్పుడూ కాచుకొని ఉంటాయి. తాటి గెలనుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు వంతులు చక్కెరే. రసం లొట్టిలో పడిన క్షణం నుంచే ఈస్టులు, జైమోమోనాస్ అనే బాక్టీరియా ఆ చక్కెరను సారాగా మార్చడం మొదలుపెడతాయి. తెల్లవారుజామున తీపి నీరాగా ఉన్నది ఎండ ఎక్కేసరికి కల్లవుతుంది, సాయంత్రానికి పుల్లకల్లవుతుంది, మరునాటికి సిర్కా దారి పడుతుంది. పుల్లకల్లులో సారా పాలు సాధారణంగా నూటికి నాలుగైదు వంతులు, అంటే దాదాపు బీరంత. నీరాను నీరాగా నిలపాలంటే లొట్టికి లోపల సున్నం పూయాలి, లేదా దింపిన వెంటనే నాలుగు డిగ్రీల చలిలోకి చేర్చి, తాగే గ్లాసుదాకా ఆ చలి తప్పకుండా చూడాలి. గౌడన్న వెతికిన లొట్టి వాసన ఆ పులుపు మొదలైన వాసనే. అది లేకపోవడమే నీరాకు యోగ్యతాపత్రం.

ఈ నీరా కొత్త కనిపెట్టడమేమీ కాదు. 1942లో ఆరోగ్యం గురించి గాంధీజీ రాసిన చిన్న పుస్తకంలోనే నీరా ప్రస్తావన, దానితో చేసే తాటిబెల్లం ప్రస్తావన ఉన్నాయి. మద్యపాన నిషేధం వస్తే గీత వృత్తివారు ఏమైపోవాలన్న ప్రశ్నకు ఆనాటి జవాబు అది. ఎనభై ఏళ్ళ తరువాత ఆ ప్రశ్న అలాగే ఉంది.

"చెక్కెర బీమారి ఉన్నోళ్ళకు గిది మంచిదంటున్నరు గద సారూ?" అని అడిగారు గౌడన్న. ఆయనకు మధుమేహం వచ్చి పదేళ్ళయింది.

ఈ ప్రశ్న నాకు ఎందరో వేశారు కనుక జవాబు వివరంగా చెప్తాను. పావు లీటరు నీరాలో చక్కెర దాదాపు ఇరవై అయిదు గ్రాములు, అంటే అయిదారు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు రోజుమొత్తం మీద తీసుకొనే అదనపు చక్కెర యాభై గ్రాములు మించరాదు, ఇరవై అయిదుకు తగ్గితే మరీ మేలు. పళ్ళరసాలలోని చక్కెర కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ఆరోగ్యవంతుడు ఒక గ్లాసు నీరా తాగితే ఆనాటి తీపి వాటా అక్కడే చెల్లిపోయినట్టు. మధుమేహులకు ఇది మందు కాదు, పథ్యమూ కాదు. చెట్టునుంచి వచ్చినదైనా చక్కెర చక్కెరే. పొటాషియం వంటి లవణాలు ఇందులో చెప్పుకోదగినంత ఉంటాయి, ఎండన పడి వచ్చినవారికి అది మేలే. కాని మూత్రపిండాలు చెడి పొటాషియం తగ్గించుకోవలసిన రోగులకు అదే మేలు కీడవుతుంది. మూత్రపిండాలలో రాళ్ళు కరిగిస్తుందనీ, కామెర్లు తగ్గిస్తుందనీ ప్రచారంలో ఉన్న మాటలను నమ్మి వైద్యం మానుకోకండి. కూల్‌డ్రింకుకన్నా నీరా మంచిదా అంటే, మంచిదే. కాని కూల్‌డ్రింకును ఓడించడం గొప్ప పరీక్ష కాదు గదా!

గౌడన్న గ్లాసులో సగం మిగిల్చి నావైపు జరిపారు. నా వాటా చక్కెర కూడా అప్పటికే చెల్లిపోయింది.

ఇంకొక విషయం, పల్లెల్లో చెట్టు కింద నిలబడి తాగేవారి కోసం. రాత్రంతా మూతిలేని లొట్టి చెట్టుమీద వేలాడుతుంటే గబ్బిలాలు దాని మీద వాలి నాకుతాయి, మలమూత్రాలు విడుస్తాయి. బంగ్లాదేశ్‌లో ఖర్జూరజాతి ఈతచెట్టు పచ్చిరసం తాగినవారికి నిపా వైరస్ సోకిన సంఘటనలు 2001 తరువాత పలుమార్లు నమోదయ్యాయి. అక్కడివారు కనిపెట్టిన ఉపాయం చాలా చౌక. గీసిన చోటునూ, లొట్టి మూతినీ కప్పేలా వెదురు చాపలాంటి అడ్డు కట్టడం. మన ఈతవనాల్లోనూ ఆ పాటి అడ్డు కడితే పోయేదేమీ లేదు. దీనికి భయపడి చెట్టు కిందికి పోవడం మానమని నేననను. పసిపిల్లలకు మాత్రం పచ్చిరసం పట్టకండి.

చెరువు నడుమ బుద్ధవిగ్రహం ఎండకు మెరుస్తున్నది. గౌడన్న చూపు అటు లేదు. కేఫ్ అలంకారంలోని తాటిచెట్ల రూపాలను చూసి ఆయన నవ్వుకొంటున్నారు. "గీ తాళ్ళకు మోకు అక్కెర లేదు," అన్నారు.

ఆ మాటతో నా మనస్సు గ్లాసు వదిలి చెట్టెక్కింది. తాడిచెట్టు ఎత్తు యాభై, అరవై అడుగులు సామాన్యం. మోకు నడుముకూ చెట్టుకూ చుట్టి, కాళ్ళకు గుజి తగిలించుకొని, నడుముకు కత్తులు, లొట్టి కట్టుకొని ఒక మనిషి రోజుకు రెండుపూటలా పది పదిహేను చెట్లు ఎక్కి దిగుతాడు. లెక్క వేసుకోండి, అది రోజూ ఒక కొండెక్కి దిగినంత. గీసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి, ప్రాణం మోకు మీద ఉంటుంది. వాన పడి మట్టలు తడిసిన పూట, మోకు పాతబడిన పూట, జ్వరంతో ఉండి కూడా చెట్టు ఎండిపోతుందని ఎక్కిన పూట ప్రమాదం జరుగుతుంది. గీత తప్పితే చెట్టు పారడం మానేస్తుంది కనుక ఈ వృత్తిలో సెలవు లేదు.

జిల్లా ఆసుపత్రులలో పనిచేసిన ఏ వైద్యుడైనా ఈ గాయాన్ని దూరం నుంచే గుర్తుపడతాడు. పిరుదుల మీదనో మడమల మీదనో పడ్డప్పుడు, ఆ దెబ్బ వెన్నులోకి ఎక్కి నడుము పైభాగాన పూస నలిగిపోతుంది. పూస నలగడం ఒక ఎత్తు, లోపలి వెన్నుపాము తెగడం మరొక ఎత్తు. మొదటిది జరిగినవాడు గౌడన్నలాగా కొన్ని నెలలకు లేచి నడుస్తాడు. రెండవది జరిగినవాడి కాళ్ళు ఆ రోజుతో ఆగిపోతాయి. నన్ను వేధించే విషయం ఏమిటంటే, కొందరిలో మొదటిది రెండవదిగా మారేది చెట్టు కింద. పడ్డవాడిని చూసిన కంగారులో నలుగురూ చేతులు కాళ్ళు పట్టి ఎత్తుతారు, కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తారు, ఆటోలో మడిచి కుదించి తెస్తారు. విరిగిన పూస అంచు ఆ కదలికలో వెన్నుపామును కోస్తుంది.

పడినవారిని కదిలించకండి. 108కి ఫోన్ చేయండి. కదిలించక తప్పనప్పుడు తల, మెడ, నడుము ఒకే దుంగలాగా ఉండేట్టు ముగ్గురు నలుగురు కలిసి ఒక్కసారిగా పక్కకు దొర్లించి, వెడల్పాటి చెక్క పలకను కిందికి జార్చి, దాని మీద వెల్లకిల పడుకోబెట్టి కట్టండి. పల్లెలో స్ట్రెచరు దొరకదు, తలుపు చెక్క దొరుకుతుంది. నులకమంచం వద్దు, అది నడుమున కుంగుతుంది.

కాళ్ళు పోయినవారి మరణం చాలాసార్లు ఆ గాయంతో రాదు. ఏడాదికో రెండేళ్ళకో పడకపుండ్లతో, మూత్రనాళపు చీముతో వస్తుంది. రెండు గంటలకొకసారి ఒత్తిగిలింపజేయడం, గొట్టం శుభ్రంగా ఉంచడం నేర్చిన భార్య, తల్లి ఉన్న ఇళ్ళలో ఆ మనిషి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు బతకగా చూశాను. ఖరీదైన మందు ఏదీ ఆ పని చేయలేదు. గీత కార్మికుడు చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా ప్రభుత్వం అయిదు లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తున్నది. కుటుంబాలు ఆసుపత్రి కాగితాలు, ప్రమాదం నాటి చీటీ జాగ్రత్త చేసుకోవాలి.

2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా పరికరాల పంపిణీని ప్రారంభించారు. కాటమయ్య గౌడుల కులదైవం, పేరు బాగా పెట్టారు. చేయి జారినా, కాలు జారినా మనిషి కింద పడక తాళ్ళకు వేలాడి నిలిచేట్టు వాటి ఏర్పాటు. గౌడన్నను దాని సంగతి అడిగాను.

"మా తమ్ముని కొడుకుకు ఇచ్చిండ్రు సారూ. మంచిదే. గని పది తాళ్ళెక్కే యాళ్ళకు దానితోని ఏడే ఎక్కుతడు. మిగిలిన మూడు తాళ్ళ పైసలు ఎవరిస్తరు?"

దీనికి వైద్యుడి దగ్గర జవాబు లేదు. ఆ మూడు చెట్ల ఆదాయాన్ని నీరా ధరలో కలపగలిగిన అంగడి దగ్గర ఉండాలి. అందుకే ఇలాంటి అంగళ్ళు బతకాలని, వాటి మీద గీసేవారికి పెత్తనం ఉండాలని నేను కోరుకుంటాను.

పెత్తనం మాట వచ్చింది కనుక చెప్పాలి. తెలంగాణ పల్లెల్లో కల్లు వ్యాపారం చట్టప్రకారం సామూహికమే. గీత కార్మికులు సహకార సంఘంగా ఏర్పడి, సంఘం పేర చెట్లనూ దుకాణాన్నీ నడపడం ఒక పద్ధతి. దీన్ని మనవాళ్ళు ఇంగ్లీషు పొడి అక్షరాలతో టీసీఎస్ అంటారు. గీసేవాడి పేరనే చెట్లకు లైసెన్సు ఇవ్వడం రెండవ పద్ధతి, అది టీఎఫ్‌టీ. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు మరొకటి కనబడదు. కాని ఊళ్ళు పట్టణాలైన చోట, తాళ్ళు కొట్టి ప్లాట్లు చేసిన చోట, సంఘం పేరు మిగిలి దుకాణం గుత్తేదారు చేతికి పోయిన సందర్భాలు ఎన్నో. ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే, అదీ ఏడాదిలో కొన్ని నెలలే. మరి ఏడాది పొడుగునా, సాయంత్రం ఏ వేళకు వెళ్ళినా నిండుగా కల్లు పోసే కంపౌండ్లకు చెట్లెక్కడున్నాయి?

ఆ ప్రశ్నకు జవాబు రోగుల రక్తంలో దొరుకుతుంది. నీళ్ళు, తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం. వీటిలో క్లోరల్ హైడ్రేట్ పందొమ్మిదవ శతాబ్దపు నిద్రమందు, వైద్యులు దాదాపు వదిలేసినది. తక్కిన రెండూ మేము చీటీ రాసి, రోజులు లెక్కపెట్టి ఇచ్చే మందులు. కల్లులో కలిపేవాడి చేతిలో తూనిక ఉండదు. ఒక సీసాలో చిటికెడు, మరొక సీసాలో గుప్పెడు. తాగినవాడు తూలడం, నాలుక మందగించడం, మెడ వాలిపోవడం, ఊపిరి నెమ్మదించడం మొదట కనిపిస్తాయి. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో పదుల మంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. అదే ఏడాది జులైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే కోల్పోయారు.

అయితే పత్రికలకెక్కే ఈ రోజులకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దుకాణాలు మూతపడిన తరువాతి వారం. అధికారులు దాడి చేసి సీలు వేస్తారు. ఊరంతా మంచి పని జరిగిందనుకుంటుంది. రెండవ రోజు, మూడవ రోజు నుంచి వార్డు నిండుతుంది. నిద్ర లేదు, చేతులు వణుకు, చెమట, లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయని దులుపుకోవడం, గోడతో మాట్లాడడం, చివరకు మూర్ఛ. కూలిపని చేసే స్త్రీలు వీరిలో ఎక్కువ. ఒళ్ళునొప్పులకని రోజూ సాయంత్రం ఒక సీసా తాగే అలవాటు వారిది, తాము మత్తుమందుకు బానిసలమయ్యామన్న సంగతి వారికి తెలియనే తెలియదు. 2015లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇదే జరిగింది. చేతబడి అనుకొని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయి, మూర్ఛలు ఆగక చివరి గంటలో ఆసుపత్రికి తెచ్చిన కుటుంబాలను నేనెరుగుదును.

ఇది పిచ్చి కాదు, గాలిసోకుడు కాదు. శరీరం అలవాటు పడిన మందు ఒక్కసారిగా ఆగినందువల్ల మెదడు చేసే తిరుగుబాటు. వైద్యం ఉంది, కష్టమైనది కూడా కాదు. అదే జాతి మందును తెలిసిన మోతాదులో ఇచ్చి, వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అందుకు వైద్యుడికి నిజం తెలియాలి. 'మా అమ్మ రోజూ కల్లు తాగుతుంది, మూడు రోజుల నుంచి దొరకలేదు' అన్న ఒక్క వాక్యం స్కానింగుకన్నా ఎక్కువ చెప్తుంది. మానాలనుకున్నవారు కూడా ఇంట్లో తలుపు వేసుకొని ఒక్కరోజులో మానే సాహసం చేయకండి, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యవిభాగానికి వెళ్ళండి. వ్యసన విముక్తి కోసం కేంద్రప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446 ఉంది, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉంది. ఎక్సైజు వారికి కూడా ఒక మనవి. ఒక ఊరి దుకాణం మూసేముందు ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక కబురు చేయండి.

'మరి చెట్టు కల్లు తాగవచ్చా డాక్టరుగారూ' అంటారు. సారా ఎంత తక్కువైనా ఆరోగ్యానికి హానిలేని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైద్యుడిగా నా మాటా అదే. బోనాలకు, పెళ్ళికి, చావుకు కల్లుసాక పోసే నేల మీద పుట్టినవాడిగా, ఆ మాట విన్నంత మాత్రాన ఎవరూ మానరని కూడా నాకు తెలుసు. తాగేవారు కనీసం తమ కల్లు ఏ చెట్టుదో, గీసినవాడెవడో చూపగలగాలి. చూపలేని కల్లు ముట్టకండి. ఇంట్లో నాలుకతో, రంగుతో, నురుగుతో కల్తీ కనిపెట్టే నమ్మకమైన పరీక్ష ఏదీ లేదు.

ఉద్యోగరీత్యా ఆదిలాబాదు అడవుల్లో తిరిగిన రోజుల్లో ఇప్పచెట్టు గురించి కూడా ఇలాంటి వాదమే వినేవాడిని. ఇప్పపువ్వు అంటే సారాయే అని మైదానం వారి తలపు. గోండు తల్లులకు అది కరువులో తిండి, దేవుడికి నైవేద్యం, నూనెగింజనిచ్చే చెట్టు. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సహకార సంఘం పెట్టి, ఆ పువ్వునే నువ్వులు, పల్లీలు, బెల్లంతో కలిపి లడ్డూలుగా చేస్తున్నారు. 2025 మార్చిలో ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఆదిలాబాదు ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు. రక్తహీనతకు ఆ లడ్డూ ఒక్కటే మందు అని నేననను. నులిపురుగుల మందు, ఐరన్ మాత్రలు ఉండవలసిందే. కాని పూలు ఏరిన చేతికే లెక్కల పుస్తకం కూడా దక్కడం చిన్న సంగతి కాదు. మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల ఆదివాసీ సంఘాలు ప్రభుత్వ అనుమతితో ఇప్పసారాను సీసాలకెత్తి అమ్ముతున్నాయి. ఆదాయం మాట సరే, నా ఓటు మాత్రం లడ్డూకే.

కేఫ్‌లో గౌడన్న జొన్నరొట్టె, కోడికూర తిన్నారు. ఆయన చక్కెర లెక్క చూసుకొని అన్నం మానారు, నేను మానలేదు. చేతులు కడుక్కొని వచ్చి మెల్లగా అడిగారు: "సారూ, మా పోరగాడు తాళ్ళెక్క అంటుండు. హైదరాబాదుల డెలివరీ బండి నడుపుతడట. గీ కేఫ్‌లకు నీరా ఎవరు దింపుతరు?"

మా జిల్లాలో హరితహారం కింద చెరువుగట్ల మీద నాటిన తాటి, ఈత మొక్కలు ఇప్పుడిప్పుడే మోకాలెత్తు దాటుతున్నాయి. తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్ళ పైమాటే. ఆనాటికి దాన్ని ఎక్కగల నడుములు ఊళ్ళో ఎన్ని ఉంటాయో గౌడన్న వేళ్ళ మీద లెక్కపెడుతూనే కారెక్కారు.